ఓటు ఒక రాష్ట్రంలో, ఊరు ఇంకో రాష్ట్రంలో: భద్రాచలం నియోజకవర్గం కథ

(డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రాజనీతిశాస్త్రం చదివే పిల్లలకి ఏదైనా ఒక శాసనసభ నియోజకవర్గం గురించి చెప్పమని మీ మాస్టారు అడిగారు. ఏది అన్నది నా ఇష్టానికి వదిలేశారు. నేను వెంటనే భద్రాచలం అన్నాను. నేను టీచరుగా పనిచేసిన కాలంలో ఎన్నికల డ్యూటీలు ఎక్కువగా గోదావరి అవతలే పడేవి. ఆ ఊళ్ళ పేర్లు వింటే ఇప్పటికీ ఓటర్ల జాబితా కళ్ళ ముందు కదులుతుంది.

ముందు పటం చూడండి. భద్రాచలం బస్టాండులో చర్ల బస్సు ఎక్కారనుకోండి. ఊరు దాటీ దాటగానే ఎటపాక వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్. ఆ తర్వాత కన్నాయిగూడెం, అదీ ఆంధ్రప్రదేశే. కొన్ని కిలోమీటర్లు పోయాక మళ్ళీ తెలంగాణ. అప్పుడు దుమ్ముగూడెం మండలం, చర్ల, ఆపైన వెంకటాపురం, వాజేడు. వీటన్నిటికీ ఎమ్మెల్యే ఒక్కరే. నియోజకవర్గ కేంద్రం నుంచి అదే నియోజకవర్గంలోని మిగతా నాలుగు మండలాలకి వెళ్ళాలంటే మామూలు దారి పక్క రాష్ట్రం మీదుగా పోతుంది. ఇంకో సంగతి. వెంకటాపురం, వాజేడు ఉన్నది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కాదు. 2016లో వాటిని జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కలిపారు, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉన్నాయి. అంటే ఒక నియోజకవర్గం, రెండు జిల్లాలు, నడుమ వేరే రాష్ట్రం ముక్క. ఈ ఆకారం ఎలా వచ్చిందో చెప్పాలంటే నూట అరవై ఏళ్ళు వెనక్కి పోవాలి.

1860 దాకా గోదావరి ఎడమ గట్టున ఉన్న ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో భాగం. ఆ ఏడాది ఒప్పందంతో బ్రిటిష్‌వాళ్ళకి వెళ్ళింది. వాళ్ళు దీన్ని మధ్యపరగణాల్లో చేర్చారు. అప్పర్ గోదావరి జిల్లా అని పేరు, సిరోంచ కేంద్రం, ఆపైన రాజధాని నాగపూర్. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను అక్కడి నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి ఇచ్చారు. గూడెంలో ఉన్నవాడికి ఈ మార్పులతో పనేమిటి అనిపించవచ్చు. పని ఉంది. మధ్యపరగణాల కింద ఉన్నప్పుడు రేకపల్లి వైపు పోడు (అడవి కొట్టి చేసే సాగు) మీద పన్ను భారం తక్కువ. మద్రాసు చేతికి వచ్చాక పన్ను పెరిగింది, కొన్నిచోట్ల పోడు కొట్టడాన్నే ఆపేశారు. 1879లో రంప ప్రాంతంలో చిగురుపన్ను (కల్లు మీద పన్ను) మీద, పోలీసుల మీద, అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చే వర్తకుల మీద తిరుగుబాటు లేచింది. కొన్ని నెలల్లోనే అది రేకపల్లికి పాకింది. తమ్మన్నదొర పేరు మీరు వినే ఉంటారు. ఆ పాకడానికి ఒక కారణం ఈ హద్దు మార్పే. ఎక్కడో ఇద్దరు అధికారులు కాగితం మీద గీత జరిపారు, ఐదేళ్ళు తిరిగేసరికి ఇక్కడ మనుషులు విల్లు పట్టారు. అడగడానికి వాళ్ళకి వేరే చోటు లేదు. శాసనసభ లేదు, ఓటు లేదు, అర్జీ రాసే భాష కూడా వాళ్ళది కాదు.

ఆ తర్వాత కూడా చాలాకాలం ఏజెన్సీని మిగతా దేశంతో కలిపి పాలించలేదు. 1874లోనే షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 1935 భారత ప్రభుత్వ చట్టం తూర్పు గోదావరి ఏజెన్సీని పాక్షికంగా మినహాయించిన ప్రాంతం అంది. ఆ చట్టం కింద ఏర్పడ్డ మద్రాసు శాసనసభలో 215 సీట్లు. భూస్వాములకు 6, వర్తక వాణిజ్యాలకు 6, యూరోపియన్లకు 3. వెనకబడ్డ ప్రాంతాలకీ తెగలకీ కలిపి మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే ఒక్క సీటు. గంజాం సరిహద్దు నుంచి నీలగిరి దాకా ఉన్న కొండల్లోని జనమంతటికీ కలిపి ఒకటి. ఆ అంకె రాసుకోండి. పరీక్షలో అడగకపోయినా గుర్తుంచుకోవలసిన అంకె.

స్వాతంత్ర్యం వచ్చాక అందరికీ ఓటు వచ్చింది. 1952 మొదటి ఎన్నికల్లో భద్రాచలం జనం మద్రాసు శాసనసభకి ఓటేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, రాజధాని కర్నూలు. 1955లో ఆంధ్ర శాసనసభకి ఓటేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1957లో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే జరిగాయి, ఎందుకంటే ఆంధ్ర ప్రాంతంవాళ్ళు 1955లో గెలిచినవాళ్ళతోనే 1962 దాకా కొనసాగారు. అందుకని 1957లో నదికి ఇవతల బూర్గంపాడు, పాల్వంచ వైపు అసెంబ్లీకి ఓట్లు వేస్తుంటే అవతల భద్రాచలంలో ఆ ఎన్నికే లేదు. రెండేళ్ళకి, 1959లో, భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. కలెక్టర్ని కలవాలంటే కాకినాడ పోవాల్సి వచ్చేది, ఖమ్మం దగ్గర అన్నది కారణం. కారణం సరైనదే. 1965లో గోదావరి మీద వంతెన తెరిచాక ఆ దగ్గరతనం నిజంగా చేతికి అందింది. అప్పటిదాకా వరద వస్తే పడవ దిక్కు, పడవ ఆగితే అదీ లేదు.

ఇక్కడ ఒకమాట. రాష్ట్ర విభజన గొడవల్లో రెండు వైపులా చరిత్ర తవ్వారు. 1959 దాకా తూర్పు గోదావరిదే కాబట్టి మాది అని ఒకరు, 1860 దాకా నిజాందే కాబట్టి మాది అని ఇంకొకరు. రెండూ నిజాలే. కానీ ఆ వాదనల్లో కోయవాళ్ళు, కొండరెడ్లు ఎక్కడ? ఈ నేల మీద నాగపూర్ పేరు వినబడక ముందు నుంచీ ఉన్నవాళ్ళు వాళ్ళు. నిజాం కింద ఉన్నారు, నాగపూర్, మద్రాసు, కర్నూలు, హైదరాబాద్ చూశారు. చింతూరు వైపువాళ్ళకి ఇప్పుడు అమరావతి. గూడెం ఉన్నచోటే ఉంది. ఎన్నిసార్లు రాజధాని మారినా ఒక్కసారి కూడా వాళ్ళని అడిగి మార్చలేదు. ఈరోజు నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

ఇక ప్రాతినిధ్యం సంగతి. 1978 నుంచి చూస్తే ఇక్కడ గెలిచినవాళ్ళంతా గిరిజనులే. 1978, 1983లో సీపీఎం నుంచి ముర్ల ఎర్రయ్యరెడ్డి. 1985, 1989, 1994లో కుంజా బొజ్జి, ఆయనా సీపీఎం. 1999, 2004లో సున్నం రాజయ్య, మళ్ళీ అదే పార్టీ. 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి. 2014లో మళ్ళీ రాజయ్య. 2018లో కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య. 2023లో బీఆర్ఎస్ నుంచి డాక్టర్ తెల్లం వెంకటరావు. ఆ ఏడాది ఉమ్మడి ఖమ్మం జిల్లా పది సీట్లలో బీఆర్ఎస్ గెలిచింది ఈ ఒక్కటే. ఆ తర్వాత పార్టీ మార్పు గొడవ, అనర్హత పిటిషన్లు పేపర్లో చదివే ఉంటారు, అందులోకి పోను. ఇన్నేళ్ళలో మహిళ ఒక్కరే, సత్యవతి గారు. ఆమె 2023లో పోయారు. మహిళా రిజర్వేషన్ చట్టం వచ్చింది గానీ అమలు నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపడి ఉంది, కాబట్టి ఆ లెక్క కూడా మున్ముందు మారవచ్చు.

1978 నుంచి 2004 దాకా ఎన్టీఆర్ గాలి వీచినా, ఇందిర గాలి వీచినా, ఈ సీటు ఎర్రజెండా చేతిలోనే ఉంది. రాష్ట్రమంతా ఒకవైపు, భద్రాచలం ఒకవైపు. ఎందుకని అడిగితే చాలామంది సిద్ధాంతం అంటారు. నేను చూసినంతలో సిద్ధాంతం కంటే పని ఎక్కువ. తునికాకు (బీడీ ఆకు) కట్టకి రేటు పెంచమని, వెదురు కూలి ఇప్పించమని, పోడు భూమికి కాగితం కావాలని, గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా చూడమని అడిగే సంఘం ఊళ్ళో ఉండేది. ఎండాకాలం తునికాకు కల్లంలో ఆకు కట్టలు లెక్కపెట్టేచోట నిలబడి, యాభై ఆకుల కట్టలో రెండు తక్కువున్నాయని కల్లేదారు (ఆకు కొనే కాంట్రాక్టరు మనిషి) కట్ట పక్కన పడేస్తే వాడితో వాదించడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి సంఘం మనిషి. ఎన్నికలప్పుడు ఓటు అడిగేదీ అతనే. గుట్ట మీద ఊరికి ప్రభుత్వం అంటే ఫారెస్టు గార్డు, పోలీసు, అప్పుడప్పుడూ టీచరు. ఎదురు మాట్లాడగలిగిన తమ మనిషి ఎమ్మెల్యేగా ఉంటే ఆ ముగ్గురూ కాస్త ఆలోచిస్తారని జనానికి తెలుసు.

రాజయ్య గారి గురించి కాస్త చెప్పుకుందాం. వీఆర్ పురం (వరరామచంద్రపురం) మండలం సున్నంవారిగూడెం ఆయన ఊరు. మూడుసార్లు ఎమ్మెల్యే. హైదరాబాద్‌కి బస్సులో వెళ్ళేవాడు, నగరంలో ఆటోలో తిరిగేవాడు. ఒకసారి ఆటోలో వచ్చాడని భద్రతా సిబ్బంది గేటు దగ్గర ఆపేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఎమ్మెల్యే అంటే ఎలా ఉండాలో వాళ్ళ మనసులో ఒక బొమ్మ ఉంది, ఈయన ఆ బొమ్మలో ఇమడలేదు. 2014లో ఏర్పడిన మొదటి తెలంగాణ శాసనసభలో సీపీఎంకి ఉన్న ఒకే ఒక్క సభ్యుడు ఆయన. నిరాడంబరత ఒక్కటే చాలదని నేనూ ఒప్పుకుంటాను. ఆ దశాబ్దాల్లో కూడా రోడ్డు పడని గూడేలున్నాయి, డాక్టరు లేని ఆస్పత్రులున్నాయి. ఒక్క సభ్యుడున్న పార్టీ బడ్జెట్‌ని కదిలించలేదు. అయినా అడిగేవాడు తమలో ఒకడు అన్న నమ్మకానికి విలువ ఉంది. ఆ విలువ ఎంతో 2014 తర్వాత ఆ నమ్మకం తెగిపోయినప్పుడు తెలిసింది.

సరే, 2014కి వద్దాం. కాస్త నెమ్మదిగా చెప్తాను, తేదీలు ముఖ్యం.

2008 పునర్విభజన ప్రకారం భద్రాచలం నియోజకవర్గంలో ఎనిమిది మండలాలు. వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం. చివరి మూడూ శబరి, గోదావరి కలిసే వైపు. 2014 ఏప్రిల్ 30న పోలింగ్. రాష్ట్ర విభజన చట్టం అప్పటికే అయిపోయింది, అమలు తేదీ జూన్ 2. మావోయిస్టు ప్రాంతం కాబట్టి పోలింగ్ త్వరగా ముగించేవాళ్ళు. నేను డ్యూటీ చేసిన బూతుకి కొండ దిగి నడిచొచ్చిన ఆడవాళ్ళు పొద్దున్నే వరసలో నిలబడ్డారు, సంకలో పిల్లలు, చేతిలో ఓటరు స్లిప్పు. ఒక పెద్దాయన వేలికి సిరా పెట్టించుకుని, “ఈ ఓటు ఏ రాష్ట్రానిది సారూ?” అని అడిగాడు. తెలంగాణ అసెంబ్లీకి పోతుంది తాతా అన్నాను. ఆరోజు చట్టం ప్రకారం అది సరైన జవాబే.

మే 16న ఫలితాలు. రాజయ్య గారు గెలిచారు. మే నెలాఖరులో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. పోలవరం ప్రాజెక్టులో మునిగే ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండాలని చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలంలోని మిగతా ఊళ్ళు అటు కలిపారు. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఏడు మండలాలు అని మనం అనేది వీటినే. భద్రాచలం మండలంలో రాముడి గుడి ఉన్న పట్టణం ఇటు మిగిలింది, దాని చుట్టూ ఉన్న ఊళ్ళు అటు పోయి ఎటపాక మండలం అయ్యాయి. ఇందాక చెప్పిన బస్సు దారి కథ అప్పుడే మొదలైంది.

ఏప్రిల్ 30న ఓటేసిన చింతూరు జనానికి ఎమ్మెల్యే ఉన్నాడు. కానీ ఆయన కూర్చునేది తెలంగాణ శాసనసభలో. వాళ్ళ రేషను, పింఛను, స్కూలు, పోలీసు, పోలవరం పరిహారం అన్నీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతిలో. ఆ ప్రభుత్వాన్ని ప్రశ్నించే శాసనసభలో వాళ్ళ ఓటుతో గెలిచిన మనిషి ఒక్కడూ లేడు. రాజయ్య గారి సొంత ఊరే ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. ఇల్లు ఒక రాష్ట్రంలో, సభ్యత్వం ఇంకో రాష్ట్రంలో. ఆయన ఆ ఊళ్ళకి వెళ్తూనే ఉన్నాడు, ధర్నాల్లో కూర్చున్నాడు. కానీ హైదరాబాద్ సభలో లేచి వీఆర్ పురం పునరావాసం గురించి అడిగితే మంత్రి ఏం జవాబు చెప్పగలడు? అది ఆ ప్రభుత్వం పరిధిలో లేదు.

పోలవరం పనులు జోరుగా సాగింది సరిగ్గా ఆ ఏళ్ళలోనే. 41.15 మీటర్ల కాంటూరు (ముంపు మట్టం) దాకా ఎవరిని ముందు కదిలించాలి, 45.72 మీటర్ల దాకా ఎవరిని తర్వాత, భూమికి భూమి ఎక్కడ ఇస్తారు, పద్దెనిమిదేళ్ళు నిండిన కొడుకుని వేరే కుటుంబంగా లెక్కిస్తారా లేదా. ఇవన్నీ తేలుతున్న రోజులు. దేశంలో పెద్ద ప్రాజెక్టు కింద మునిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ మునిగే సమయంలో తమ శాసనసభలో తమ సభ్యుడు లేకుండా ఒక పూర్తి పదవీకాలం గడిపిన జనం నాకు తెలిసి వీళ్ళే. దీన్ని ఎవరూ కావాలని చేశారని నేను అనను. ఎవరికీ తట్టలేదు, అంతే. అది ఇంకా బాధ కలిగిస్తుంది.

2018 డిసెంబరులో తెలంగాణ ఎన్నికలు ముందుగా వచ్చాయి. ఈ మండలాలవాళ్ళు ఓటెయ్యలేదు, వాళ్ళు ఇక అక్కడివాళ్ళు కారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాకలను రంపచోడవరం నియోజకవర్గంలో, కుక్కునూరు, వేలేరుపాడులను పోలవరం నియోజకవర్గంలో కలిపారు. 2019 ఏప్రిల్‌లో తొలిసారి కొత్త ఆంధ్రప్రదేశ్ శాసనసభకి ఓటేశారు. రాజయ్య గారు రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. ఆయన్ని ఎన్నుకున్న నియోజకవర్గం ఒకటి, ఆయన ఊరు పడ్డ నియోజకవర్గం ఇంకొకటి. రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల వైపు జనానికి ఆయన కొత్త. 2020 ఆగస్టులో కరోనాతో పోయారు.

నాకు ఒక ప్రశ్న వస్తూ ఉంటుంది. రంపచోడవరం కూడా గిరిజన రిజర్వుడు సీటే కదా, ఏజెన్సీలోనే కదా, ఇక ఇబ్బందేమిటి అని. ఇబ్బంది ఉంది. చింతూరు, కూనవరం మనిషి చదువుకీ, సంతకీ, ఆస్పత్రికీ, పెళ్ళి బట్టలకీ తరాలుగా భద్రాచలం వచ్చేవాడు. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు భద్రాచలంలో ఉండేది. తర్వాత చింతూరులో వేరే ఐటీడీఏ పెట్టారు, మంచి పని. 2022 నుంచి 2025 చివరి దాకా ఆ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి, కేంద్రం పాడేరు. చింతూరు నుంచి పాడేరు ఎంత దూరమో ఆ ఘాట్ రోడ్డులో ప్రయాణం చేసినవాడికి తెలుస్తుంది. 1959లో కాకినాడ దూరమని ఖమ్మంలో కలిపారు. అరవై ఏళ్ళ తర్వాత అదే జనానికి దూరం మళ్ళీ మొదటికొచ్చింది.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. భద్రాచలం పట్టణాన్ని కరకట్ట కాచింది. ఎటపాక, కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు నీళ్ళలో ఉన్నాయి. ఆ తర్వాత పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఐదు పంచాయతీలు, ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, తిరిగి తెలంగాణకి ఇవ్వాలన్న కోరిక గట్టిగా లేచింది. అక్కడి జనమూ అడిగారు, తెలంగాణ ప్రభుత్వమూ అడిగింది. కరకట్ట పెంచాలన్నా, డంపింగ్ యార్డుకి స్థలం కావాలన్నా పట్టణానికి చోటు లేదు. పురుషోత్తపట్నంలో రాములవారి భూములు ఎనిమిది వందల ఎకరాలకు పైగా ఉన్నాయి. దేవుడు ఒక రాష్ట్రంలో, దేవుడి మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఆ ఊళ్ళు తిరిగి రావాలా వద్దా అన్నది రెండు ప్రభుత్వాలు, కేంద్రం కూర్చుని తేల్చాలి. ఆ ఐదు ఊళ్ళలో గ్రామసభ పెట్టి జనం చెప్పింది రాసుకోకుండా తేల్చకూడదని మాత్రం నేను గట్టిగా అంటాను. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభని సంప్రదించాలని 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) చెప్తోంది. ఊరు ఊరంతా రాష్ట్రం మారుతుంటే మాత్రం అడగనక్కర్లేదా?

ఇప్పుడు రాబోయేదాని గురించి. మండలాలు పోయాక భద్రాచలం నియోజకవర్గం చిక్కిపోయింది. 2023 ఎన్నికల్లో లక్షన్నర లోపు ఓటర్లు, తెలంగాణలో అన్నిటికంటే తక్కువ. అన్నిటికంటే ఎక్కువ శేరిలింగంపల్లి, 7 లక్షల పైన. రాష్ట్రంలో సుమారు 3 కోట్ల 26 లక్షల ఓటర్లను 119తో భాగిస్తే ఒక్కో సీటుకి 2 లక్షల 74 వేలు వస్తుంది. భద్రాచలం అందులో సగం పైన కాస్త. దేశంలో నియోజకవర్గాల సంఖ్యను 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకా కదపకూడదని 84వ రాజ్యాంగ సవరణ చెప్పింది. విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణ సీట్లను 153కి పెంచవచ్చు అంది గానీ, రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి అని ఒక మాట పెట్టింది, జనగణన దాకా కదపకూడదన్న నియమం ఉన్నది అందులోనే. ఆ పెంపు వెంటనే కావాలని వేసిన పిటిషన్‌ని 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి అసలు పని రాబోయే జనగణన తర్వాతే.

ఆ పని మొదలైతే మొదట కత్తి పడేది ఇలాంటి సీటు మీదే. లెక్క ఒక్కటే చూస్తే భద్రాచలం నిలవదు. నది ఇవతల పినపాకలో కలపొచ్చు, వాజేడు, వెంకటాపురంలను ములుగులో కలపొచ్చు. ఆ మూడూ గిరిజన సీట్లే కాబట్టి నష్టం లేదనుకుంటారేమో. మూడు రెండైతే తెలంగాణలోని 12 గిరిజన సీట్లలో ఒకటి ఎటో పోతుంది. అది ఇంకో గిరిజన ప్రాంతానికి పోతుందా లేదా అన్నది కొత్త జనాభా లెక్కని బట్టి ఉంటుంది.

ఒక మనిషికి ఒక ఓటు, ఓటుకి సమాన విలువ. అది నేను కాదనను. శేరిలింగంపల్లి ఓటరు విలువ భద్రాచలం ఓటరు విలువలో అయిదో వంతు ఉండటం న్యాయం కాదు, నగరానికి సీట్లు పెరగాల్సిందే. కానీ 2002 పునర్విభజన చట్టం లెక్క ఒక్కటే చూడమనలేదు. నియోజకవర్గం కలిసికట్టుగా ఉండాలి, కొండలు నదులు చూడాలి, పాలనా హద్దులు చూడాలి, రాకపోకలు, ప్రజల వీలు చూడాలి అంది. శేరిలింగంపల్లిలో ఎమ్మెల్యే ఒక పూటలో ఈ చివరి నుంచి ఆ చివరికి పోతాడు. భద్రాచలం నుంచి వాజేడు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ రోడ్డు పక్కన లోపలికి పోయే గూడేలకి వానాకాలం వాగు దాటితేనే దారి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో స్థిరపడ్డ గుత్తికోయ కుటుంబాలు ఆ మారుమూలల్లో ఉన్నాయి, చాలామందికి కుల సర్టిఫికెట్టే దొరకడం లేదు. ఓటరు జాబితాలో లేనివాడు జనాభా లెక్కలో అయినా ఉంటాడా? జనగణన అప్పుడు ఎన్యూమరేటరు ఆ గూడెం దాకా వెళ్తాడా లేదా అన్నదాని మీద కూడా సీటు ఆధారపడి ఉంటుంది. దీన్ని రాజకీయ పార్టీల కంటే ముందు పట్టించుకోవలసింది టీచర్లు, మీలాంటి విద్యార్థులు. ఎందుకంటే ఆ లెక్కలు రాసేది ఎక్కువగా టీచర్లే.

పునర్విభజన కమిషన్ ముసాయిదాని గెజిట్‌లో వేస్తుంది, అభ్యంతరాలకు తేదీ ఇస్తుంది, బహిరంగ విచారణలు పెడుతుంది. గత చట్టంలో పద్ధతి ఇదే. ఆ విచారణలకు వెళ్ళి మాట్లాడినవాళ్ళు ఎక్కువగా పార్టీల నాయకులు, లాయర్లు. గూడెం నుంచి వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టుకి వెళ్ళడం దాదాపు కుదరదు, రాజ్యాంగం 329వ అధికరణం అడ్డం. అంటే మాట్లాడే సమయం ఆ ముసాయిదాకీ తుది ఉత్తర్వుకీ మధ్యనే. అప్పుడు రాసే అర్జీలో ఆవేశం కంటే వివరాలు పనికొస్తాయి. మీ ఊరి నుంచి ప్రతిపాదించిన కేంద్రానికి ఎన్ని కిలోమీటర్లు, బస్సు ఉందా, మధ్యలో ఏ వాగులు, వానాకాలం ఎన్ని రోజులు దారి ఆగుతుంది, సంత ఎక్కడ, ఆస్పత్రి ఎక్కడ, ఐటీడీఏ ఏది. గ్రామసభ తీర్మానం జత చేస్తే బలం. ఇవి రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, మీ ఊరు మీకు తెలిస్తే చాలు.

1976, 2008 పునర్విభజన ఉత్తర్వుల కాపీలు తెచ్చాను, బల్ల మీద పెడతాను. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు నుంచి వచ్చినవాళ్ళు, అటు చింతూరు, కూనవరం నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉన్నవాళ్ళు ముందుకి రండి. మీ మండలం ఏ ఏడాదిలో ఏ నియోజకవర్గంలో ఉందో చూసి, ఈ సాయంత్రమే పటం మీద గీద్దాం. ప్రశ్నలుంటే అప్పుడే అడగండి.